పేషెంట్ పక్క స్టూల్ మీద కూర్చున్నవాళ్ళ తరఫున: విజయవాడ, గుంటూరు క్యాన్సర్ డాక్టర్లకి ఒక ఉత్తరం

సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో, ఇంకా ఈ రెండు ఊళ్ళలో ఎక్కడెక్కడ కీమో ఇస్తున్నారో అక్కడి డాక్టర్ గార్లందరికీ, కీమో ఎక్కించి అదే రోజు ఇంటికి పంపే డే కేర్ వార్డు సిస్టర్లకి, ఆసుపత్రులు నడిపే మేనేజ్‌మెంట్ వాళ్ళకి నమస్కారం అండి.

నేను విజయవాడ పటమటలో ఉంటాను. మా మావయ్యగారికి మల్టిపుల్ మైలోమా, అంటే మూలుగలో మొదలయ్యే ఒక రకం రక్త క్యాన్సర్. 2023 సంక్రాంతి వెళ్ళిన నెలకి బయటపడింది, అప్పటికి ఆయనకి 61 ఏళ్ళు. ముప్ఫై ఏళ్ళు లారీ తోలిన మనిషి, కలకత్తా లైన్. నడుం నొప్పి అంటే లారీ తోలినవాళ్ళకి మామూలే కదా అని ఆయనా అనుకున్నారు, మేమూ అనుకున్నాం, ఆటోనగర్లో మెడికల్ షాపు నుంచి నొప్పి బిళ్ళలు తెచ్చుకుని నాలుగు నెలలు మింగారు. ఒకరోజు బిందె ఎత్తబోయి అక్కడే కూలబడిపోయారు, స్కాన్ తీస్తే వెన్నుపూస నొక్కుకుపోయి ఉంది, హిమోగ్లోబిన్ 7.8, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.4. జబ్బుతోనే కిడ్నీలు దెబ్బతింటాయంట, దానికి తోడు మేం ఇచ్చిన నొప్పి బిళ్ళలు. ఆ బిళ్ళలు తెచ్చిపెట్టింది మా ఆయనే, ఆ సంగతి ఆయన ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నారు, రెండేళ్ళు దాటింది.

మొదలుపెట్టేముందే ఒక మాట చెప్పాలి. మందుల గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఒకప్పుడు హైదరాబాదో వెల్లూరో పోవాల్సిన వైద్యం ఇప్పుడు మన ఊళ్ళోనే దొరుకుతోంది, గుంటూరు గవర్నమెంట్ ఆసుపత్రి జీజీహెచ్‌లో నాట్కో మందుల కంపెనీ వాళ్ళు క్యాన్సర్ బ్లాకే కట్టించారు, ఈ జబ్బుకి వాడే బోర్టిజోమిబ్, లెనాలిడోమైడ్ మన దేశం కంపెనీలే తయారుచేస్తున్నాయి కాబట్టి మాలాంటి వాళ్ళకి అందాయి. మా ఇంజెక్షన్లు చాలా వరకు ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారే, ఆ కార్డు మీదే అయ్యాయి, బయట టెస్టులకి మాత్రం చేతి డబ్బులు పెట్టుకున్నాం. మావయ్య లేచి నడిచారు, నడుం బెల్టు తీసేశారు, పాపని స్కూల్ ఆటో దాకా దింపి వచ్చేవారు. అందుకు మీ అందరికీ రెండు చేతులెత్తి దండం పెడతాను. నేను రాసేది మందు మావయ్య ఒంట్లోకి వెళ్ళాక మా ఇంట్లో ఏం జరిగింది, దాని గురించి మాకు ముందు ఎవ్వరూ ఒక్క ముక్క చెప్పకపోవడం గురించి. మేం వెళ్ళిన ఆసుపత్రి పేరు రాయను, ఎందుకంటే డే కేర్‌లో పక్క కుర్చీల వాళ్ళతో మాట్లాడితే వాళ్ళది వేరే ఆసుపత్రి నుంచి మారొచ్చిన కేసైనా కథ ఇదే.

మంగళవారం మంగళవారం పొట్ట మీద బోర్టిజోమిబ్ ఇంజెక్షన్. అదే రోజు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు, నాలుగు మిల్లీగ్రాములవి పది, ఒకేసారి. చీటీ మీద వారానికి ఒకసారి అని ఉంది, ఏ పూట అని లేదు, మందుల షాపు అబ్బాయి రాత్రి అన్నం తిన్నాక వేయండమ్మా అన్నాడు, మేం అలాగే వేశాం. ఆ రాత్రి ఒంటిగంటకి చప్పుడు వినబడి లేచి చూస్తే మావయ్య వంటింట్లో డబ్బాలన్నీ కింద పెట్టి తుడుస్తున్నారు. నిద్ర రావట్లేదమ్మా అన్నారు. పోనీలే నొప్పి తగ్గి ఓపిక వచ్చింది అని అత్తయ్యా నేనూ సంతోషపడ్డాం కూడా. బుధవారం మధ్యాహ్నానికి ఇంకో మనిషి. మంచినీళ్ళు చల్లగా ఉన్నాయని గ్లాసు విసిరికొట్టారు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఏడేళ్ళు, ఆ ఏడేళ్ళలో ఆయన నన్ను అమ్మాయ్ అనే పిలిచారు తప్ప ఒక్కసారి గొంతెత్తింది లేదు. ఆ రోజు ఆయన అన్న మాట ఇక్కడ రాయలేను. మా పుట్టింటివాళ్ళని కూడా కలిపి అన్నారు. పాప ఏడుస్తూ మంచం కిందకి దూరింది. శుక్రవారం వచ్చేసరికి మళ్ళీ మెత్తబడి గోడ వైపు తిరిగి పడుకుని మాట్లాడరు, అన్నం తినరు, కళ్ళలో నీళ్ళు. ఆదివారానికి మామూలు మనిషి. మంగళవారం మళ్ళీ పది మాత్రలు.

ఇలా వారం వారం, ఐదు నెలలు.

నేనేమనుకున్నానో చెప్తాను. ఇన్నాళ్ళూ మనసులో పెట్టుకున్నది జబ్బు వచ్చాక బయటపడుతోంది, ఈయనకి నేనంటే మొదట్నుంచీ ఇష్టం లేదు అనుకున్నాను. అత్తయ్య ఏమనుకుందంటే చావు భయంతో మనిషి మారిపోయాడు అని. మా ఆయన ఏమనుకున్నారో చెప్పలేదు, షాపు నుంచి రాత్రి పది దాటాక రావడం మొదలుపెట్టారు. పాప దాని లెక్క అది వేసుకుంది, బుధవారం తాతయ్య గదిలోకి వెళ్ళకూడదు అని. ఐదేళ్ళ పిల్లకి వారాలు అప్పుడే సరిగ్గా వచ్చాయండి, ఇలా వచ్చాయి. నేనైతే ఒక బుధవారం బ్యాగు సర్దుకుని పాపని తీసుకుని తెనాలి మా అమ్మ వాళ్ళింటికి వెళ్ళిపోదామని బస్టాండ్ దాకా వెళ్ళాను, ప్లాట్‌ఫాం మీద గంటసేపు కూర్చుని, రేపు బ్లడ్ టెస్టుకి ఎవరు తీసుకెళ్తారు అని గుర్తొచ్చి వెనక్కి వచ్చేశాను.

మందుల ఆరో విడత, అంటే ఆరో సైకిల్‌లో డే కేర్‌లో పక్క బెడ్ పేషెంట్ వాళ్ళావిడ, సత్తెనపల్లి వైపు నుంచి వస్తారు, ఆవిడ మాటల్లో అంది, మా ఆయన డెక్సా రోజుల్లో మనిషి కాదమ్మా, రెండ్రోజులు నేను ఎదురుపడను, అది మందు అరుపు, ఆయన అరుపు కాదు అని. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. మీకు ఎలా తెలుసు అంటే హైదరాబాద్‌లో మొదలుపెట్టినప్పుడు అక్కడి సిస్టర్ చెప్పిందంట, మాత్ర పొద్దున టిఫిన్ తిన్నాకే వేయాలని, సాయంత్రం వేస్తే నిద్ర పోదని, షుగర్ పెరుగుతుందని, కోపం వస్తుందని, తర్వాత ఒకట్రెండు రోజులకి దిగజారిపోయినట్టు ఉంటుందని. ఐదు నిమిషాల మాట. ఆ తర్వాత మేం పొద్దున వేయడం మొదలుపెట్టాం, డాక్టర్ గారిని అడిగితే డోసు కూడా కొంచెం తగ్గించారు, మావయ్య రాత్రి కనీసం మూడు నాలుగు గంటలు పడుకున్నారు. అడిగితే తగ్గించారు అన్నానే, అక్కడే ఉందండి నా బాధంతా, అడగాలని మాకెలా తెలుస్తుంది?

ఆ సాయంత్రం నేను మావయ్యకి చెప్పాను, ఇది మాత్ర వల్ల అంట మావయ్యా అని. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, నాకు పిచ్చి పడుతోందేమో అనుకున్నా అమ్మాయ్, ఎవరికైనా చెప్తే ఆసుపత్రిలో పడేస్తారని చెప్పలేదు అన్నారు. ఐదు నెలలు ఆ మనిషి లోపల ఆ భయంతో ఉన్నారు. నేను నన్ను తిడుతున్నారని ఏడుస్తున్నాను, ఆయన తనకి మతి పోతోందని ఏడుస్తున్నారు, ఒకే ఇంట్లో గోడకి ఇటూ అటూ.

ఇంకోటి. మా తప్పు కూడా చెప్పాలి. మావయ్యకి మేం క్యాన్సర్ అని చెప్పలేదు. మా ఆయన డాక్టర్ గారిని పక్కకి తీసుకెళ్ళి నాన్నకి చెప్పొద్దండి తట్టుకోలేడు అన్నారు, ఆయన సరే అన్నారు, రక్తంలో ప్రోటీన్ ఎక్కువైంది పెద్దాయనా, మందు వాడితే తగ్గిపోద్ది అని చెప్పారు. అబద్ధం కాదు, మూలుగలో ప్లాస్మా కణాలు చెడిపోయి ఒకే రకం ప్రోటీన్‌ని అదేపనిగా తయారుచేస్తాయి, రిపోర్టులో ఎం స్పైక్ అని వచ్చేది అదే. కానీ మావయ్య ఏం చేశారు? టీవీలో పప్పులో ప్రోటీన్, గుడ్డులో ప్రోటీన్ అని వింటారు కదా, ఆ రెండూ మానేశారు. చేపలు కూడా. రొయ్యలంటే ప్రాణం పెట్టే మనిషి. మాకు చెప్పకుండా, కంచంలో పప్పు పక్కకి తోసేసి రసంతో తినేవారు, నోరు బాలేదంటే కీమో కదా అనుకున్నాం. మూడు నెలల్లో తొమ్మిది కేజీలు తగ్గారు. పప్పన్నం తినడం ఎందుకు మానేశారు మావయ్యా అని నేను గట్టిగా అడిగితే, ప్రోటీన్ తగ్గించుకుంటే మందు తక్కువ పడిద్ది, మీకు ఖర్చు తగ్గిద్ది అన్నారు. తిండిలో ప్రోటీన్‌కీ ఈ ప్రోటీన్‌కీ ఏ సంబంధం లేదని, మీరు తినాలని ఆయనకి చెప్పాలంటే అసలు జబ్బు ఏంటో చెప్పాలి. ఆ రోజే అత్తయ్య పక్కన కూర్చుని చెప్పేసింది. ఆయన కూలిపోలేదండి. నాకు తెలుసులే, డే కేర్ బోర్డు మీద పేరు చదవడం రాదనుకున్నారా అన్నారు. ఆరు నెలలు ఆయనకి తెలుసు, మాకు తెలుసు, ఒకరి ముందు ఒకరం దాచుకున్నాం.

చెప్పొద్దని మేమే అడిగాం, నిజమే. కానీ డాక్టర్ గారూ, మాలాంటి వాళ్ళు మీ దగ్గరికి రోజూ వచ్చి ఇదే మాట అంటారు, మాకు మొదటిసారి, మీకు వెయ్యోసారి. చెప్పకపోతే ఏమవుతుందో మాకు తెలీదు, మీకు తెలుసు. వెంటనే సరే అనకుండా, కూర్చోబెట్టి, ఆయన్నే అడుగుదాం, ఎంతవరకు తెలుసుకోవాలనుందో ఆయనే చెప్తారు అని ఒక్క మాట అని ఉంటే బాగుండేది.

లెనాలిడోమైడ్ సంగతి ఇంకా కంగారు పెట్టింది. 21 రోజులు వేసి 7 రోజులు ఆపాలి. మావయ్యకి క్యాప్సూల్ గొంతులో అడ్డం పడుతోందంటే నేను రెండ్రోజులు విప్పి నీళ్ళలో కలిపి ఇచ్చాను, పారాసిటమాల్ పొడి చేసి ఇస్తాం కదా అలా. నాకప్పుడు ముప్ఫై ఒకటి, రెండో బిడ్డ గురించి అనుకుంటున్న రోజులు. మూడో రోజు ఎందుకో డబ్బాలో కాగితం విప్పి చదివితే, ఇది థాలిడోమైడ్ జాతి మందు, కడుపులో బిడ్డకి అవకరం తెస్తుంది, క్యాప్సూల్ విప్పకూడదు, గర్భం వచ్చే అవకాశమున్న ఆడవాళ్ళు ఆ పొడి తాకకూడదు అని ఉంది. ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. నేను డిగ్రీ చదివాను కాబట్టి చదవగలిగాను. ఆ నెల నా తేదీ వచ్చేదాకా నేను పడ్డ నరకం మా ఆయనకి కూడా చెప్పలేదు. మందు ఇంట్లోకి వచ్చేముందు ఇంట్లో ఎవరెవరున్నారు, మాత్రలు ఎవరు చేతికిస్తారు అని ఒక్క ప్రశ్న అడగాలి కదండి. ఫైల్‌లో పేషెంట్ వయసుంది, బరువుంది, అటెండర్ అని ఒక గడి ఉంది, అందులో నా ఫోన్ నంబర్ మాత్రం ఉంది.

చిన్నచిన్నవి ఇంకా ఉన్నాయి. పాదాలు మంటలు, చెప్పు జారిపోయినా తెలియకపోవడం, చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, ఇవన్నీ బోర్టిజోమిబ్ వల్ల నరాలకి వస్తాయంట, ముందే చెప్తే డోసు సర్దుతారంట, మావయ్య మాత్రం చెప్తే మందు ఆపేస్తారని భయపడి దాచారు. ఎముకలకి ఇచ్చే జోలెడ్రోనిక్ ఇంజెక్షన్ మీద ఉన్నప్పుడు మీకు చెప్పకుండా పన్ను పీకించుకోకూడదని కూడా మాకు బయటివాళ్ళే చెప్పారు, అదృష్టం కొద్దీ పీకించలేదు.

ఇక ట్రాన్స్‌ప్లాంట్. నాలుగు సైకిళ్ళయ్యాక హైదరాబాద్ వెళ్ళి మూల కణాల మార్పిడి చేయించుకుంటే మంచిది అన్నారు. జబ్బు పూర్తిగా పోదు, కానీ ఎక్కువ కాలం అణిగి ఉండొచ్చు, రెండు మూడు వారాలు విడిగా గదిలో ఉండాలి, పెద్ద కీమో, ఇన్‌ఫెక్షన్ భయం ఉంటుంది అన్నారు. ఓపీలో మాకు దొరికింది ఏడు నిమిషాలు. ఇంటికొచ్చి మా ఆయన స్థలం అమ్ముదాం అంటే, నా కోసం మనవరాలి స్థలం అమ్మితే నేను మందే మానేస్తా అని మావయ్య ఒట్టు పెట్టుకున్నారు. చేయించలేదు. అది సరైనదో కాదో నాకు తెలీదు. మా ఆయన రాత్రుళ్ళు ఫోన్‌లో లెక్కలేస్తూ ఉంటారు, స్థలం ధర, ట్రాన్స్‌ప్లాంట్ ఖర్చు, అలా వేసి చెరిపేస్తారు. ఈ నిర్ణయం తీసుకునేటప్పుడు మా నలుగురినీ ఎదురుగా కూర్చోబెట్టి ఒక అరగంట ఎవరైనా మాట్లాడి ఉంటే, చేయించినా చేయించకపోయినా మా ఆయన ఇంత బరువు ఒక్కడే మోసేవాడు కాదు.

చుట్టాలది ఇంకో రకం బాధ. ట్రీట్‌మెంట్ అయిపోయిందా అని అడుగుతారు. మైలోమాలో అయిపోవడం ఉండదు కదండి, అణిగింది అంటారు, పనిచేసినన్నాళ్ళు మాత్ర వేయాలంటారు. ఇది ఎవరికి చెప్పినా అర్థం కాదు, అయ్యో ఇంకా వాడాలా అంటారు, అత్తయ్య పెళ్ళిళ్ళకి వెళ్ళడమే మానేసింది ఆ ప్రశ్న పడలేక. రిపోర్ట్ వచ్చే ముందు రెండ్రోజులు మా ఇంట్లో టీవీ సౌండ్ కూడా తగ్గిపోద్ది. ఎం స్పైక్ 3.2 నుంచి 0.3 కి వచ్చిన రోజు దుర్గమ్మ కొండకి నడిచి ఎక్కాం. 2025 ఆగస్టులో అది 0.5, అక్టోబర్లో 0.9. మా ఆయన పేపర్లో చదివారు, మైలోమాకి వాడే ఇంకో మందు డారటుముమాబ్ మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ తీసేశారని, ఆ ముక్క కత్తిరించి ఫైల్‌లో పెట్టుకున్నారు. పోయినసారి వెళ్ళినప్పుడు డాక్టర్ గారు మందు మార్చాల్సి వస్తుందేమో, డెక్సా మళ్ళీ మొదలవుతుంది అన్నారు.

ఆ మాట వినగానే నేను మావయ్య వైపు చూశాను, ఆయన నా వైపు చూశారు. జబ్బు తిరగబెట్టిందన్న దానికన్నా ముందు మా ఇద్దరికీ గుర్తొచ్చింది ఆ గ్లాసు. అందుకే ఈ ఉత్తరం ఇప్పుడు రాస్తున్నాను, రెండేళ్ళ కింద రాయాల్సింది.

నేను అడిగేది పెద్ద పెద్దవి కాదు. కీమో మొదలయ్యే రోజు డాక్టరే చెప్పక్కర్లేదు, మీకున్న ఓపీ రద్దీ నేను కళ్ళారా చూస్తున్నాను, తెల్లారి ఎనిమిదింటికి వచ్చిన డాక్టర్ సాయంత్రం నాలుగు దాకా మంచినీళ్ళు తాగకపోవడం కూడా చూశాను. డే కేర్‌లో ఒక సిస్టర్‌కి ఆ పని అప్పగించండి, ఇంట్లో ఎవరు చూసుకుంటారో ఆ మనిషిని పిలిచి తెలుగులో చెప్పమనండి, ఈ మందు ఒంటికి ఏం చేస్తుందీ, మనసుకి ఏం చేస్తుందీ. మనసు డాక్టరో కౌన్సిలరో వారానికి ఒక పూట డే కేర్‌కి వచ్చేలా చూడండి. వచ్చినప్పుడు పేషెంట్‌తో పాటు స్టూల్ మీద కూర్చున్నవాళ్ళని కూడా, మీరు నిద్రపోతున్నారా అమ్మా అని అడగమనండి. రెండేళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడిగింది ఒక్కరే. ఒక రాత్రి తట్టుకోలేక మనసు బాధలు చెప్పుకునే హెల్ప్ లైన్ టెలిమానస్ 14416 కి ఫోన్ చేశాను, గవర్నమెంట్ వాళ్ళది, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, తెలుగులో మాట్లాడతారు. అటుపక్క అమ్మాయి ఎవరో పేరు కూడా తెలీదు, అరగంట విన్నది. ఆ నంబర్ ఒక చార్ట్ మీద రాసి డే కేర్ గోడకి అంటించడానికి ఖర్చేమీ కాదు కదండి, ఇప్పుడా గోడ మీద బిల్లింగ్ కౌంటర్ ఎటువైపో చూపించే బాణం ఒక్కటే ఉంది.

కోడళ్ళ గురించి కూడా ఒక మాట. మీ డే కేర్‌లో చూడండి, పక్కన కూర్చున్నవాళ్ళలో సగంమంది ఇంటి ఆడవాళ్ళే, కొడుకులు పనుల్లో ఉంటారు. రక్తసంబంధం లేని మనిషి మీద అరుపు పడితే దాన్ని ఎలా తీసుకుంటుందో ఆలోచించండి. కూతురైతే నాన్న కదా అనుకుంటుంది. నేను అనుకోలేకపోయాను, అందుకు నాకు సిగ్గుగా ఉంది, అయినా నిజం అదే కాబట్టి రాశాను.

వచ్చే మంగళవారం మేం వస్తున్నాం. నేను ఒక కాగితం మీద, మొదటి రోజు నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండు అనుకున్నవి పెద్ద అక్షరాలతో తెలుగులో రాశాను. డెక్సా పొద్దున టిఫిన్ తర్వాత, కోపం ఆయనది కాదు మందుది, క్యాప్సూల్ విప్పొద్దు, పప్పు గుడ్డు తినొచ్చు, కాళ్ళ మంటలు దాచొద్దు, నొప్పి బిళ్ళలు అడక్కుండా వేయొద్దు, జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే రండి, ఇలా పన్నెండు లైన్లు. మావయ్య చదివి చివర్లో ఆయన చేత్తో ఒక లైన్ కలిపారు, బుధవారం పిల్లల్ని తాత దగ్గరికి పంపకండి, ఆదివారం పంపండి అని. ఆ కాగితం సిస్టర్ల కౌంటర్ దగ్గర ఇస్తాను. డాక్టర్ గారూ, తప్పులుంటే మీ పెన్నుతో దిద్దండి, కిడ్నీ బాగోలేనివాళ్ళకి తిండి వేరేగా ఉంటే అది కూడా రాయండి. ఎదురుగా షాపులో జెరాక్స్‌లు నేనే తీయించి తెస్తాను.

ఇట్లు,
పటమట నుంచి ఒక కోడలు